బరువు లెక్క

జార్ జైల్లో పెట్టాడు, స్టాలిన్ కూడా జైల్లో పెట్టాడు. ఇద్దరికీ అతని అవసరం పడింది. 1905లో సింగపూర్ పక్కనుంచి యుద్ధానికి వెళ్ళిన ఒక రష్యన్ ఇంజనీరు కథ, ఓడలు కట్టే జురాంగ్ నుంచి.

1905 ఏప్రిల్ 8, శనివారం. సింగపూర్ సముద్రపుటొడ్డున జనం గుమిగూడారు. మలక్కా జలసంధి వైపు మొదట పొగ కనిపించింది. పొగ కిందనుంచి ఒక్కొక్కటే ఓడలు బయటపడ్డాయి. నలభైకి పైనే. ముందు యుద్ధనౌకలు, క్రూయిజర్లు, వాటితోపాటు బొగ్గూ సరుకులూ మోసే స్టీమర్లు. రష్యా చక్రవర్తి రెండో నికొలస్ జపాన్ మీదికి పంపిన నౌకాదళం అది. మడగాస్కర్ దగ్గర లంగరెత్తి మూడు వారాలు దాటింది. హిందూ మహాసముద్రం ఈ కొసనుంచి ఆ కొసకి ఒక్క రేవు కూడా తొక్కకుండా వచ్చాయి. బొగ్గు తరిగినప్పుడల్లా నడిసముద్రంలోనే ఆగి, బస్తాలకెత్తి, పడవల్లోకి దించి, మళ్ళీ ఓడల మీదికి లాక్కున్నారు. అడుగున నాచు జడలు కట్టింది.

సింగపూర్ బ్రిటిష్‌వాళ్ళది. బ్రిటన్ 1902 నుంచీ జపాన్‌కు మిత్రదేశం. కాబట్టి రేవులో చోటు దొరికే మాటే లేదు. రష్యా కాన్సల్ మాత్రం ఒక చిన్న ఆవిరి పడవలో ఎదురెళ్ళి కబుర్లు అందించాడు. మంచూరియాలో ముక్డెన్ చేజారిపోయింది, సేనానిని మార్చేశారు, జపాన్ నౌకలు బోర్నియో దాపున కాచుకుని ఉన్నాయి. మొదటి రెండూ నిజమే, మూడోదే తప్పు. కబురు విని దళం తూర్పుకి సాగిపోయింది.

ఆ వరుసలో 'ఓర్యోల్' అనే యుద్ధనౌక మీద వ్లదీమిర్ కొస్తెంకో ఉన్నాడు. వయసు 23. ఉక్రెయిన్‌లోని పొల్తావా ప్రాంతంవాడు. క్రాన్‌స్టాట్ నౌకా ఇంజనీరింగ్ విద్యాలయం నుంచి అంతకు ముందు ఏడాదే పట్టా పుచ్చుకుని బయటికొచ్చాడు. దళాధిపతి రొజెస్త్‌వెన్‌స్కీ ఉన్న 'సువోరోవ్' మీద ఇంకో ఇంజనీరు, యెవ్‌గేనీ పొలితోవ్‌స్కీ. కొస్తెంకో కంటే కొన్నేళ్ళు పెద్ద. ఏ ఓడలో చుక్కాని మొరాయించినా, ఎక్కడ అతుకు ఊడి నీళ్ళొచ్చినా పొలితోవ్‌స్కీనే పిలిచేవాళ్ళు. రాత్రి ఆ నూనె చేతులు కడుక్కుని భార్యకి ఉత్తరం రాసేవాడు. ఇంటి మీద బెంగ, అధికారుల మీద చిరాకు, మరమ్మతుల చిట్టా, అన్నీ కలగలిసిన ఉత్తరాలు. తర్వాత అవి పుస్తకంగా అచ్చయ్యాయి. చూసుకోవడానికి అతను లేడు.

ఈ ఇద్దరికీ ఫిరంగి పేల్చే పని లేదు. ఓడ తేలేలా చూడడమే వాళ్ళ ఉద్యోగం. యుద్ధ చరిత్రల్లో ఇలాంటివాళ్ళకి చోటు తక్కువ. అడ్మిరల్ ఎటు తిరగమన్నాడో పేజీలకు పేజీలు రాస్తారు. ఓడ ఆ తిరుగుడుకి తట్టుకుంటుందా అని ముందురోజు లెక్క వేసి చూసినవాడి సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాకు మాత్రం ఈ చిన్న అక్షరాల మనుషుల మీదే ఆసక్తి. అది జురాంగ్ గాలి ప్రభావం కావచ్చు.

జురాంగ్ ఈస్ట్ అనగానే మనవాళ్ళకి తట్టేది ఎరుపు, ఆకుపచ్చ ఎమ్మార్టీ లైన్లు కలిసే స్టేషన్, ఐఎంఎం, జెమ్, వెస్ట్‌గేట్ మాల్స్, సెలవుల్లో పిల్లల్ని తిప్పే సైన్స్ సెంటర్. కానీ ఈ పేటకి దక్షిణపు హద్దు సముద్రం. జురాంగ్ పోర్టు దీనిలోదే. పెంజురు దీనిలోదే. ఆదివారం అటు వెళితే తమిళం, బెంగాలీల మధ్య శ్రీకాకుళం యాస కూడా చెవిన పడుతుంది. వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లు, పైపు పనివాళ్ళు. విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో నావల్ ఆర్కిటెక్చర్ చదివి ఇక్కడ కంప్యూటర్ ముందు ఓడ గీసేవాళ్ళు ఇంకో రకం. ఇద్దరిలో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. ఓడ మీద ఒక వస్తువు పెట్టాలంటే అడగాల్సినవి రెండు ప్రశ్నలు: దాని బరువెంత, ఎంత ఎత్తున పెడుతున్నావు?

గోదావరి మీద నాటు పడవ ఎక్కినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. నది మధ్యలో నలుగురు లేచి నిలబడితే పడవవాడు కూర్చోమని కేకలేస్తాడు. మనుషులు పెరగలేదు, బరువూ పెరగలేదు. బరువు పైకి లేచింది, అంతే. ఒక పక్కకి ఒరిగితే తిరిగి లేచే శక్తి పడవకి తగ్గిపోతుంది. ఓర్యోల్‌లో జరిగింది అదే. దళంలో ఆ తరగతి నౌకలు నాలుగు: సువోరోవ్, మూడో అలెగ్జాండర్, బొరొదినో, ఓర్యోల్. కాగితం మీద బరువు 13,500 టన్నుల చిల్లర. కట్టేటప్పుడే అది మించిపోయింది. దాని మీద దూరప్రయాణం సరుకు, తిండి, విడిభాగాలు, అన్నిటికీ మించి బొగ్గు. మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో తెలియక గదుల్లో, నడవల్లో, డెక్కుల మీద ఎక్కడ పడితే అక్కడ పోశారు. 15,000 టన్నులు దాటాయి. ఉక్కు కవచం నీటి కిందికి దిగిపోయింది, అంటే అది కాపాడాల్సిన నీటి అంచుకి దాని అండ లేకుండా పోయింది. చిన్న ఫిరంగుల కిటికీలు నీళ్ళకి మరీ దగ్గరయ్యాయి. ఓడ గట్టిగా ఒరిగిందంటే వాటిగుండా సముద్రం లోపలికొస్తుంది.

కొస్తెంకో ఈ లెక్కలన్నీ రాసిపెట్టుకున్నాడు. అవసరం లేని కర్ర సామాను, పడవలు, మంటకి దొరికేవన్నీ తీసెయ్యాలన్నాడు, బరువు తగ్గించాలన్నాడు. దళం మొత్తానికీ ఆ ఆజ్ఞ రాలేదు. ఓర్యోల్‌లో మాత్రం చాలావరకు జరిగింది. ఒక పక్క గండిపడి నీళ్ళొస్తే రెండో పక్క గదుల్లోకి తామే నీళ్ళు వదిలి ఓడని నిటారుగా నిలబెట్టే పద్ధతి కూడా సిద్ధం చేసుకున్నాడు. నౌకాశాస్త్రవేత్త అలెక్సెయ్ క్రిలోవ్ అప్పటికే ఈ పద్ధతికి పట్టికలు తయారుచేసి పైవాళ్ళకి ఇచ్చాడు. పైవాళ్ళకి అవి రుచించలేదు.

మే 27న కొరియా, జపాన్‌ల మధ్య సుషిమా జలసంధిలో జపాన్ అడ్మిరల్ టోగో ఎదురయ్యాడు. ఆ ఒక్క పగలే సువోరోవ్, అలెగ్జాండర్, బొరొదినో మునిగాయి. అలెగ్జాండర్ మీద ఉన్నవాళ్ళలో ఒక్కడూ బతకలేదు. బొరొదినోలో ఒకే ఒక్క నావికుడు బయటపడ్డాడు. పొలితోవ్‌స్కీ సువోరోవ్‌తో పాటే వెళ్ళిపోయాడు. నాలుగు అక్కచెల్లెళ్ళలో మిగిలింది ఓర్యోల్ ఒక్కటే, తూట్లు పడి, కెప్టెన్ చావుబతుకుల్లో ఉండగా. అదృష్టం లేదని అనను. కానీ తక్కిన మూడూ బోర్లాపడ్డ సముద్రంలోనే ఇది నిటారుగా నిలబడింది. మర్నాడు పొద్దున్నే నలువైపులా జపాన్ నౌకలు. మిగిలిన రష్యన్ ఓడలకి అధిపతి అయిన అడ్మిరల్ నెబొగాతోవ్ తెల్లజెండా ఎత్తాడు. రష్యన్లు దాదాపు 5,000 మంది పోయారు, జపాన్‌వాళ్ళు 117 మంది.

ఈ వార్త ఆసియా అంతా పండగలా పాకింది. పదిహేనేళ్ళ నెహ్రూ ఇంగ్లండులో ఓడ దిగి లండన్ రైలెక్కేటప్పుడు ఇది చదివి పొంగిపోయాడు. దక్షిణాఫ్రికాలో గాంధీ పత్రికలో రాశాడు. తెల్లవాడు ఓడిపోగలడని లోకానికి గట్టిగా తెలిసింది. ఆ ఏడాదే బెంగాల్ విభజన, స్వదేశీ. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడితే ట్రైనింగ్ కాలేజీ కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుని కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. ఆ వేడిలో సుషిమా పొగ కొంత ఉంది.

ఆ పొగ సింగపూర్‌లో ఎలా తేలిందో కూడా చెప్పాలి. 1915 ఫిబ్రవరి 15న ఇక్కడి అలెగ్జాండ్రా బ్యారక్స్‌లో ఐదో లైట్ ఇన్‌ఫెంట్రీ సిపాయిలు తిరగబడ్డారు. గదర్ పార్టీ మాటలు అప్పటికే ఈ తీరాల్లో తిరుగుతున్నాయి. మన కనిగిరి ప్రాంతం దరిశి చెంచయ్య కూడా ఆ పార్టీలో మనిషే. తిరుగుబాటుని అణచడానికి బ్రిటిష్‌వాళ్ళ దగ్గర చాలినంతమంది లేక దగ్గర్లో ఉన్న ఓడల్ని పిలిచారు. ఫ్రాన్స్ నుంచి 'మోంకాం'. జపాన్ నుంచి 'ఒతోవా', 'సుషిమా'. రష్యా నుంచి 'ఓర్యోల్', అదే పేరుతో ఇంకో ఓడ. పదేళ్ళ కిందట ఒకరినొకరు ముంచుకున్నవాళ్ళు ఒకే రేవులో దిగి, తుపాకులు భుజాన వేసుకుని, హిందుస్థానీ సిపాయిల్ని వెతికారు. 47 మందికి మరణశిక్ష పడింది. జపాన్ గెలుపుకి చప్పట్లు కొట్టినవాళ్ళు 'సుషిమా' అనే ఆ ఓడ పేరు విని ఏమనుకుని ఉంటారో!

మళ్ళీ కొస్తెంకో దగ్గరికి. ఓర్యోల్ లొంగిపోవడంతో అతనూ జపాన్ చేతిలో ఖైదీ అయ్యాడు. జపాన్‌లో ఖైదీలుగా ఉన్న రష్యన్లు 70,000 పైచిలుకు. వాళ్ళలోకి విప్లవ కరపత్రాలు, పత్రికలు ప్రవాహంలా వచ్చాయి. వాటిని పంచినవాళ్ళలో హవాయిలో సెనేట్ అధ్యక్షుడిగా చేసిన డాక్టర్ రస్సెల్ అనే రష్యన్ ప్రవాసి ఒకడు. జపాన్ ప్రభుత్వం చూసీ చూడనట్టు ఊరుకుంది, ఎందుకు అడ్డుపడుతుంది? 1905 జనవరిలో పీటర్స్‌బర్గ్ వీధుల్లో జార్ సైన్యం నిరాయుధుల మీద కాల్పులు జరిపిన కబురు నావికులకి మడగాస్కర్‌లోనే చేరింది. తిండి పుచ్చింది, బూట్లు ఊడాయి, గుండ్లు పేలలేదు. వీటికి జవాబుదారు ఎవరు అన్న ప్రశ్న ఖైదీల శిబిరాల్లో ఎడతెగకుండా మరిగింది. ఓర్యోల్‌లో స్టోర్ లెక్కలు చూసిన అలెక్సెయ్ నోవికోవ్ అనే నావికుడు ఖైదులో తోటివాళ్ళ దగ్గర కథలు సేకరించి, పాతికేళ్ళకి పైగా గడిచాక 'సుషిమా' నవల రాశాడు. అందులో ఇంజనీరు వసీలియెవ్ అంటే మన కొస్తెంకోనే.

1906లో పీటర్స్‌బర్గ్ తిరిగొచ్చిన కొస్తెంకో ఓడలు ఎందుకు బోర్లాపడ్డాయో అంకెలతో ఉపన్యసించాడు. అది ఎవరికీ ఇష్టమయ్యే విషయం కాదు. యుద్ధంలో ధైర్యం చాలలేదంటే క్షమిస్తారు. లెక్క తప్పిందంటే ఎవరో ఒకరి సంతకం బయటపడుతుంది.

తర్వాతి మలుపు దగ్గర నాకూ కాస్త తడబాటే. కొస్తెంకో సోషలిస్ట్ రివల్యూషనరీ పార్టీలో చేరాడు. రష్యా కోసం బ్రిటన్‌లో కడుతున్న 'రూరిక్' క్రూయిజర్ పనిమీద గ్లాస్గోలో ఉండి, అక్కడి రష్యన్ నావికుల మధ్య రహస్యంగా పార్టీ పని చేశాడు. 1908లో ఆ ఓడ స్వదేశానికి చేరినప్పుడు జార్ చూడడానికి వస్తాడు. అప్పుడు చంపాలి. అది పథకం. బోరిస్ సావిన్‌కోవ్, యెవ్నో అజెఫ్ అనే పార్టీ నాయకులు వెనకుండి నడిపారు. జార్ వచ్చాడు. ఒప్పుకున్న నావికుడు చెయ్యిచాస్తే అందేంత దగ్గరలో నిలబడ్డాడు. కాల్చలేదు, చెయ్యి రాలేదు. కొన్ని నెలలకే ఇంకో సంగతి బయటపడింది: పథకం నడిపించిన అజెఫ్ ఏళ్ళ తరబడి పోలీసుల జీతగాడు. ఓడ ఒరుగుడుని డిగ్రీల్లో చెప్పగలిగినవాడికి పక్కనున్న మనిషి ఎటు ఒరిగాడో తెలియలేదు.

1910లో అరెస్టు. ఆరేళ్ళ కఠినశిక్ష. అప్పుడు ఒక విచిత్రం. సుషిమాలో పోయిన నౌకాదళాన్ని మళ్ళీ కట్టాలి. ఓడలు తెలిసిన తలలు తక్కువ. క్రిలోవ్ మాట సాయం చేశాడు, నౌకాశాఖ మంత్రి గ్రిగొరోవిచ్ సిఫారసు చేశాడు. ఎవర్ని చంపాలనుకున్న గుంపులో ఉన్నాడో ఆ జారే క్షమాభిక్ష పెట్టాడు. బయటికొచ్చి నల్లసముద్రం దగ్గర నికొలాయెవ్ షిప్‌యార్డుకి వెళ్ళిపోయాడు. 1917 వచ్చింది, జార్ పోయాడు, తర్వాత ఆ ఊరు జర్మన్ల చేతిలోకి, తెల్లసైన్యం చేతిలోకి, ఎర్రసైన్యం చేతిలోకి మారింది. పారిపోవడానికి ఓడలకి కరువు లేదు. ఎంతోమంది ఇంజనీర్లు వెళ్ళిపోయారు. కొస్తెంకో ఉండిపోయాడు.

తను కోరుకున్న విప్లవం తనని ఎలా చూసింది? 1928లో విద్రోహి అని పట్టుకున్నారు. మొదట మరణశిక్ష, తర్వాత పదేళ్ళకి తగ్గించారు. మళ్ళీ అదే కథ: షిప్‌యార్డులు కట్టాలి, మనుషుల్లేరు. మూడేళ్ళు తిరక్కుండా వదిలేసి కొత్త షిప్‌యార్డులు గీసే సంస్థలో కూర్చోబెట్టారు. 1941లో ఇంకోసారి అరెస్టు, మరుసటి ఏడు విడుదల. 1950లో స్టాలిన్ బహుమతి. ఇంత తిప్పలో అతను చేసిన పని మాత్రం మారలేదు, బల్ల మాత్రమే మారింది.

ఆ బల్ల మీద పుట్టినవాటిలో పెద్దవి రెండు. ఉత్తరాన తెల్లసముద్రం దగ్గర ఇప్పటి సెవెరొద్విన్‌స్క్ షిప్‌యార్డు. తూర్పున అమూర్ నది ఒడ్డున 1930లలో అడవి కొట్టి, బురద తోడి కట్టిన కొమ్సొమోల్‌స్క్ షిప్‌యార్డు. ఈ ఊళ్ళ పేర్లు నోరు తిరగవు కానీ విశాఖవాళ్ళకి వాటి సరుకు బాగా తెలుసు. విక్రమాదిత్య విమానవాహక నౌకని పూర్తిగా మార్చి బాగుచేసింది సెవెరొద్విన్‌స్క్‌లో. 2012 ఏప్రిల్ 4న విశాఖపట్నంలో మన నౌకాదళంలో చేరిన అణుజలాంతర్గామి చక్ర పుట్టింది కొమ్సొమోల్‌స్క్‌లో. సోవియట్ యూనియన్ కూలిపోయి డబ్బుల్లేక ఏళ్ళ తరబడి దాని పని ఆగింది. 2008లో పరీక్షల్లో మంటలార్పే గ్యాస్ పొరపాటున విడుదలై 20 మంది ఊపిరాడక పోయారు. విశాఖలో తొమ్మిదేళ్ళు ఉండి 2021 జూన్‌లో వెనక్కి వెళుతూ నీటిపైన తేలి సింగపూర్ జలసంధి దాటింది, పక్కన రష్యన్ నౌక కాపలా. ఇక్కడి ఓడలవాళ్ళు తీసిన వీడియోలు అప్పట్లో మన ఫోన్లలో కూడా తిరిగాయి.

ఓర్యోల్ ఏమైంది? జపాన్‌వాళ్ళు బాగుచేసుకుని 'ఇవామి' అని పేరు పెట్టారు, పైన ఉన్న బరువు బాగా తగ్గించారు. కొస్తెంకో అడిగింది శత్రువు చేశాడు. 1905లో ఆ ఓడ చేరాల్సిన ఊరు వ్లాడివోస్టోక్. 1918 జనవరిలో చేరింది, జపాన్ జెండాతో, రష్యా విప్లవంలో వేలుపెట్టడానికి వచ్చిన మొదటి జపాన్ యుద్ధనౌకగా. 1924లో గురి నేర్చుకోవడానికి లక్ష్యంగా నిలబెట్టి ముంచేశారు.

ఇంజనీరు మాట వినకపోవడం రష్యన్ల సొత్తేం కాదు. జురాంగ్ ఈస్ట్‌లో సాయంత్రాలు నడవడానికి వెళ్ళే జురాంగ్ లేక్ ఒకప్పుడు సరస్సు కాదు, జురాంగ్ నది. 1971లో అడ్డుకట్ట వేస్తే సరస్సయింది. 1942లో ఈ నదికీ ఉత్తరాన క్రాంజీ నదికీ మధ్య గీసిన గీతే సింగపూర్‌కి పడమటి కోట. బ్రిటిష్ సైన్యంలో చీఫ్ ఇంజనీరు బ్రిగేడియర్ ఐవాన్ సిమ్సన్ 1941 డిసెంబరు చివర్లో ఒక అర్ధరాత్రి దాకా కూర్చుని సేనాధిపతి జనరల్ పెర్సివల్‌ని బతిమాలాడు, ఉత్తరపు ఒడ్డున అడ్డుగోడలు, ముళ్ళకంచెలు, మందుపాతరలు పెట్టిద్దామని. పెర్సివల్ ఒప్పుకోలేదు. అలాంటివి కడితే జనం, సైనికులు నీరుగారిపోతారన్నాడు. శత్రువు ఊరంతా తిరిగితే ఇంకా నీరుగారిపోతారని సిమ్సన్ జవాబు. ఫిబ్రవరి 8 రాత్రి జపాన్‌వాళ్ళు దిగారు. సగం తవ్విన ఆ గీతని 10వ తేదీకే వదిలేసుకున్నారు. భారత బ్రిగేడ్లు జురాంగ్ రోడ్డు వెంట వెనక్కి నడిచాయి. 15న సింగపూర్ లొంగిపోయింది. పట్టుబడ్డ భారతీయ సైనికుల్లో చాలామంది రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కులో ఆజాద్ హింద్ ఫౌజ్ మాట మొదటిసారి విన్నారు. యుద్ధంలోంచి విప్లవం పుట్టడం ఇక్కడా జరిగింది.

ఇరవై ఏళ్ళు గడిచాక ఇదే జురాంగ్ బురదని సింగపూర్ ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ పారిశ్రామికవాడకి ఎంచుకున్నాడు. 1961లో పని మొదలైతే జనం నవ్వారు, గో గారి పిచ్చి అన్నారు. 1963లో జురాంగ్ షిప్‌యార్డు వచ్చింది. భాగస్వామి జపాన్‌కి చెందిన ఇషికవాజిమా-హరిమా. రొయ్యల చెరువులు, మడ అడవులు పోయి డ్రై డాకులు వచ్చాయి. అమూర్ ఒడ్డున కొస్తెంకో గీతలకి రూపం ఇచ్చినవాళ్ళలో ఉత్సాహంతో వచ్చిన యువకులతో పాటు ఖైదీలూ ఉన్నారు. ఇక్కడ ఖైదీలు లేరు, వర్క్ పర్మిట్లు ఉన్నాయి. రెండూ ఒకటే అనే తొందరపాటు మాట అనను. కానీ ఓడ నీట్లోకి దిగే రోజు రిబ్బన్ కత్తిరించినవాళ్ళ పేర్లే మిగలడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

కొస్తెంకో ఓర్యోల్ మీద రాసుకున్న నోట్సు అర్ధశతాబ్దం అట్టే పెట్టుకున్నాడు. 'ఓర్యోల్ మీద సుషిమాలో' పుస్తకం 1955లో అచ్చయింది. 1956 జనవరిలో పోయాడు. సోవియట్ జైళ్ళ ఊసు ఆ పుస్తకంలో ఎత్తే వీలు అప్పుడు లేదు. ఎన్ని టన్నుల బొగ్గు ఏ డెక్కు మీద పోశారో, దానికి ఓడ ఎన్ని అంగుళాలు దిగిందో మాత్రం వివరంగా ఉంది.